వేలు పడలేదు

కాశీబుగ్గ బస్టాండు వెనక సందులో
మొబైల్ కవర్ల కొట్టుకీ పంక్చర్ల పాకకీ మధ్య
బ్యాంకు బోర్డు తగిలించుకున్న అరగది నాది.
ఒక బల్ల, ఒక ఫ్యాను, ఎర్రగా వెలిగే చిన్న అద్దం ముక్క.
ఖాతాలో వేలున్నా సరే
ముందు దానిమీద వేలు పడాలి.

తవిటమ్మకి పది వేళ్ళూ ఉన్నాయి. గీతలే లేవు.
ఇరవై రెండేళ్ళు జీడిపిక్కలు కొట్టింది.
పిక్కలోని నల్ల రసం
పప్పుని షావుకారికి వదిలేసి
ఈమె చర్మాన్ని తింది.

"మల్లీ సూడు బాబూ" అంటుంది.
చూపుడు వేలు. ఉంగరం వేలు. ఎడమ బొటనవేలు.
నిమ్మతొక్కతో తోముకొస్తుంది, కొబ్బరినూనె రాసుకొస్తుంది.
మిషను ప్రతిసారీ మర్యాదగా
ఈమె ఈమె కాదంటుంది.
కన్ను చూసే మిషను టెక్కలిలో ఉందంటారు;
పోనూ రానూ ఛార్జీ, పైగా ఒక రోజు కూలి.
ఉపాధి పని డబ్బు రెండువేల నాలుగొందలు
తెరమీద కనిపిస్తూనే ఉంటుంది,
గాజు బీరువాలో మిఠాయిలా.

మేనల్లుడు సన్నాసి మస్కట్‌లో వెల్డరు.
వాడు ఫోనులో చెప్పాడట:
అత్తా, వేలు అడగని డబ్బొకటుంది,
మేనేజరు లేడు, సంతకం లేదు, సెలవుల్లేవు,
పన్నెండు మాటలు గుర్తుంటే చాలు.

అన్నీ ఇంగ్లీషు మాటలు. పిక్కకో మాట చొప్పున
కొట్టుకుంటూ కొట్టుకుంటూ కంఠతా పట్టింది.
నా బల్లముందు నిలబడి అప్పజెప్పబోయింది.
మొదటి మాట సగంలో ఉండగానే చెవులు మూసుకున్నాను.
"చెప్పకమ్మా. నాక్కూడా చెప్పకు. ఆ మాటలే డబ్బు."
నన్ను జాలిగా చూసింది.
"ఎవులికీ సెప్పకూడని డబ్బేటి బాబూ?
నాను సచ్చిపోతే?"

ఐదు వేలు పంపాడు. వారానికి నాలుగువేల రెండొందలైంది.
"ఎవుడు తిన్నాడు?"
ఎవరూ తినలేదన్నాను.
"తినకండా తరుగెలగొస్తాది?
ఎండకి తరుగా, తక్కెడకి తరుగా?"
పై వారం ఐదువేల ఆరొందలు.
అప్పుడూ అదే అనుమానం:
"ఇదెవుల్ది బాబూ, మనకొచ్చీసింది?"

వెల గురించి తవిటమ్మకి పాఠం చెప్పలేం.
ఆమెకి ముందు ముగ్గురు పురిట్లోనే పోయారు.
నాలుగోదైనా దక్కాలని, పుట్టిన రోజే
పక్కింటావిడ చేతుల్లో పెట్టేసి
చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది వాళ్ళమ్మ.
చావుని ఏమార్చడానికి కట్టిన ఆ ధర
వీధంతా ఒప్పుకుంది.
అందుకే బతికిందని ఇప్పటికీ అంటుంది.

మొన్నొక ఆదివారం రాత్రి మరిదికి ఒళ్ళంతా వాచింది.
డయాలసిస్‌కి తీసుకుపోవాలి, ఆటో కావాలి, మందులు కావాలి.
బ్యాంకు నిద్రపోతోంది. నా షట్టరు దించి ఉంది.
మస్కట్ నుంచి పది నిమిషాల్లో డబ్బు దిగింది.
దిగినదాన్ని నోట్లు చేసింది
పక్క కొట్లో మొబైల్ కవర్ల కుర్రాడు;
వందకి ఎనిమిది పట్టుకున్నాడు.
మధ్యవాడు ఉండడన్నారు కదా,
ఉన్నాడు. చొక్కా మార్చుకున్నాడంతే.
అయినా ఒక సంగతి నన్ను కొరుకుతోంది:
నా మిషను పైసా తీసుకోకుండా కాదంది.
వాడు ఎనిమిది తీసుకుని ఔనన్నాడు.

నిన్న అడిగాను, మాటలు గుర్తున్నాయా అని.
"నాలుగే ఉన్నాయి" అంది.
నా గుండె జారింది.
"నాలుగు పారమ్మకిచ్చినాను, నాలుగు దాలమ్మకి.
ముగ్గురం ఒక్కకాడ కూకుంటేగాని తెరుసుకోదది."
పొదుపు సంఘం పెట్టెకి మూడు తాళాలుండేవి;
అదే చేసింది.
చదువుకున్నవాళ్ళు దీనికేదో పెద్ద పేరు పెట్టే ఉంటారు.
"ఒకర్తి పోతేనో?"
"పోతే మోస్తాం. మాటలు కూతురికి సెప్పే పోతాది."

ఈ ఉదయం మళ్ళీ వచ్చింది.
కూలి డబ్బు ఇంకా గాజు వెనకే ఉంది.
ఎడమ చిటికెనవేలు చీరచెంగుతో తుడుచుకుని
పసిబిడ్డ నుదురు తాకినట్టు అద్దానికి ఆనించింది.
ఇద్దరం ఎర్ర వెలుగు వంకే చూస్తున్నాం.
పక్కన కుర్రాడు షట్టరు ఎత్తుతున్న చప్పుడు.