ఎడమకాలిదా, కుడికాలిదా

మిర్యాలగూడల కరెంటు పోయిన రాత్రి
ఇటలీ పటం బండల మీద పరిచినం.
సెల్‌ఫోను లైటు కింద
బూటు లెక్క పండుకున్నది దేశం.
"ఎడమకాలిదా, కుడికాలిదా?" అన్నది సైదమ్మ.
సాగర్ రోడ్డు మీద ముప్పై ఏండ్లు
చెప్పుల దుకాణం నడిపిన నాకే అంతుపట్టలె.

రోముకు మూడు దినాలు, వెనిస్‌కు రెండు,
ఒరిగిన గోపురం ముందట ఫొటోకు ఒక పూట.
ఏజెంటు రాసిచ్చిన కాయితం.
దాని అంచుల మీద పెన్సిలుతోని నేను:
మోకాళ్ల గోలీలెన్ని, ఏడ రైలు మారాలె,
గోంగూర పచ్చడి సీసాను ఇమానంల రానిస్తరా.

ఆమె వేలు మాత్రం
బూటు మీద, మోకాలుండే జాగల ఆగింది.
వెర్చెల్లి.
కాయితంల లేని ఊరు.
"ఈడ వరి పండుతదట.
ఎనుకట ఆడోళ్లు గుంపులు గుంపులు వంగి
కలుపు తీసిన మళ్లట.
మిల్లు సేటు కొడుకు జెప్పిండు."

పదమూడేండ్లప్పుడు
ఎడమ కాలువ కింద నాటుకు దిగిన మనిషి.
నీళ్లల్ల నాని ఎడల్పయిన ఆ పాదాలకు
పెండ్లయిన కొత్తల
నా దుకాణంల సైజే దొరకలె.

"ఏమున్నది ఆడ చూసెటందుకు? బురదే గద."
"బురదే," అన్నది.
"వాళ్లకు ఏడిదాంక దిగుతదో చూస్త."

వెనిస్‌ల ఒక దినం కొట్టేసిన.

కరెంటొచ్చింది.
ఫ్యాను గాలికి దేశం దేశమే లేచింది.
సైదమ్మ కాలు మోపి ఆపింది,
ఎడమకాలు.

ఆడ మళ్లకు ఏ నెలల నీళ్లు పెడతరో
ఇంక అడగాలె.