మోకాళ్ల పలక

పనికి పిలిచినప్పుడు మేస్త్రీ ఇలా చెప్పాడు:
"పాత పోస్టాఫీసు వెనక చర్చి. పదేళ్లుగా మూత.
బల్లలు ముప్పై నాలుగు. బర్మా టేకు.
లైబ్రరీకట, కోసి అరలు చెయ్యాల."
నాకు తెలిసిన చోటేనని చెప్పలేదు.
ఏడో బల్ల కింద, కంపాసు ములుకుతో
నేను చెక్కిన ఓడ ఉందనీ చెప్పలేదు.

ఉప్పుగాలి తినగా మిగిలిన మేకులు
పీకుతుంటే ఒక్కోటీ ఒక్కో గొంతుతో కీచుమంది.
రంపం పెట్టగానే టేకు
నిన్న నరికినట్టే వాసనేసింది.
సందుల్లోంచి రాలాయి
కొవ్వొత్తి మైనం, పిన్నీసులు, చెల్లని పది పైసలు,
ఒక పాలపన్ను.
పన్ను మాత్రం జేబులో వేసుకున్నాను, ఎందుకో.
ఓడ ఉన్న ముక్క ఏ అరకి పోయిందో తెలీదు.
వెతకలేదు.

గంట ఇప్పుడు మోగదు. రేవులో ఓడ కూస్తే
రంగుటద్దాలు అదురుతాయి, అంతే.
పీఠం ఉన్నచోట కంప్యూటర్లు.
పాపాలు చెప్పుకునే గూడు పీకేద్దామన్నాడు ఇంజనీరు.
లైబ్రేరియన్ హెప్సీబా గారు వద్దన్నారు,
జాలీ కింద నాలుగంగుళాల సందు కొట్టమన్నారు.
గడువు దాటిన పుస్తకాలు
ఇప్పుడు అందులోంచే లోపలికి తోస్తారు.
ఎందుకు ఆలస్యమైందని
అటువైపు ఎవరూ అడగరు.

గుమ్మం దగ్గర బోర్డు:
"చెప్పులు విప్పనక్కర్లేదు."
దాని కిందే చెప్పులు, వరసగా.

ఒకప్పుడు గంట కొట్టిన అంతోని తాత
ఐదింటికల్లా వచ్చేస్తాడు. పేపరు తిరగేస్తాడు కాని
కుడిచెయ్యి మటుకు మాట వినదు.
ఆరవగానే గాల్లోకి లేచి
లేని తాడుని ఒక్కసారి కిందికి గుంజుతుంది.
డీఎస్సీకి చదివే అమ్మాయిలు
అది చూసి పుస్తకాలు మూస్తారు.

ఇక మోకాళ్ల పలకలు.
చిత్రిక పట్టి చదును చెయ్యమన్నారు.
ముప్పై మూడు చేశాను.
ఏడోదానికి రెండు గుంటలు, పక్కపక్కనే.
బొటనవేలు పెట్టి చూశాను,
లోతు గోరంత.
మా అమ్మవని చెప్పను. ఎవరివైనా కావొచ్చు,
ఆ వరసలో మాకు ముందు మిలిటరీవాళ్లు,
వాళ్లకి ముందు దొరసానులు.
అయినా చిత్రిక ముందుకి కదల్లేదు.

దాన్ని పిల్లల గదిలో అడుగు అరగా బిగించాను.
"ఇదేటిరా, పుస్తకం సూటిగా నిలబడదు?"
మేస్త్రీకి దొరికిపోయాను.
నిజమే. ఆ గుంటల్లో పెట్టిన పుస్తకం
కాస్త ముందుకి వంగే ఉంటుంది.

మొన్న చూశాను, ఒక పిల్ల
దాన్ని నిలబెడుతోంది, అది మళ్లీ వాలుతోంది.
మూడోసారి విసుగొచ్చి
చేతిలోకి తీసుకుని, అక్కడే
నేల మీద మోకాళ్లేసి
చదవడం మొదలెట్టింది.