ఒక ఇల్లు తేడా

బ్రాడీపేటలో అడ్రసు చెప్పడం తేలిక.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
రెండంకెలిస్తే చాలు,
ఆటోవాడు ఇంకో మాట అడగడు.
మిరప జన్యువుకీ అంతే.
ఏడో క్రోమోజోము, ఫలానా అంకె నుంచి ఫలానా అంకె దాకా
అని కొడితే, తెర మీద ఆ వీధి తెరుచుకుంటుంది.

తెరుచుకోవాలి.

మూడు నెలలుగా తెరుచుకుంటున్నది పక్కిల్లు.
నేను లెక్క సున్నాతో మొదలుపెట్టాను,
లాం ఫారం వాళ్ళు ఒకటితో.
ఎవరి లెక్క వాళ్ళకి ఒప్పే.
మధ్యలో ఒక్క అక్షరం జారి
తలుపు తట్టినప్పుడల్లా
"వాళ్ళిక్కడ కాదండీ, ఆ పక్క" అన్నట్టు
అర్థంలేని ఒక వరస.

పట్టుకున్నది నేను కాదు, ఎస్తేరు రత్నం.
మొగ్గ విచ్చకముందే పట్టకారుతో కేసరాలు తీసి
తండ్రిమొక్క పుప్పొడి అద్ది
దారం కట్టి చీటీ వేలాడదీసే మనిషి.
పదకొండేళ్ళ చీటీలు,
అట్ట ఊడిన నోటుబుక్కులో.
"ఈ మొక్కకి ముడత రాదు బాబూ, నా కళ్ళారా చూశా.
నీ పెట్టేమో వచ్చిద్దంటంది."

ముందు నవ్వాను.
తర్వాత రాత్రి రెండింటిదాకా నవ్వలేదు.

ఒకటి కలిపాను.
ఒక కూడిక గుర్తు, ఒక అంకె.
మూడు నెలలు ఎక్కడివక్కడ సర్దుకుని కూర్చున్నాయి.

మిగతావి కూడా రాసిపెట్టాలి.
దగ్గరికి లాగితే తెర ఇక తెల్లబోదు.
ఎదురు పోగు చదవడానికి తలకిందులవక్కర్లేదు,
మీట నొక్కితే గొలుసే వెనక్కి తిరిగి
ఒక్కో అక్షరానికీ దాని జంటని చూపిస్తుంది.
ఎరుపూ పచ్చా ఒకేలా కనబడే సుభానీ గారి కోసం
నీలం, నారింజ పెట్టాను.
(పండుకాయని ఆయన వేళ్ళతో నొక్కి చెబుతాడు.
నాకు రంగుతో పనేంటయ్యా అన్నాడు. అయినా పెట్టాను.)
కరెంటు పోయొచ్చినా
చూస్తున్న చోటే మళ్ళీ కనబడుతుంది,
మొదటి క్రోమోజోము నుంచి నడుచుకుంటూ రానక్కర్లేదు.
వరసకి తెలుగు పేరు పెట్టుకోవచ్చు.
ఇదివరకు తొడిమ అని రాస్తే
త ఒక చోట, దాని ఒత్వం ఒక చోట,
తొక్కిన కాయలా గింజలు గింజలుగా పడేది.

బాగుచెయ్యలేనిదీ రాశాను.
తొమ్మిదో క్రోమోజోము నడుమ పొడుగాటి బూడిదరంగు.
అక్కడేముందో ఇంకా ఎవరూ చదవలేదు.
చూసేవాళ్ళొస్తున్నారు, బోసిగా ఉంటే బావుండదు,
ఏదో ఒక రంగుతో నింపెయ్యమన్నారు పైవాళ్ళు.
నింపలేదు.

శనివారం మధ్యాహ్నం రత్నాన్ని పిలిచాను.
వద్దన్నా వినకుండా చెప్పులు గుమ్మం బయట విడిచింది.
చేతులు కొంగుకి తుడుచుకుని మౌసు పట్టుకుంది.
"కారం ఎక్కడుంటది ఇందులో?"
రెండో క్రోమోజోము దగ్గరికి తీసుకెళ్ళాను.
గోరంత నీలి గీత.
దగ్గరికి లాగింది, అక్షరాలయ్యాయి.
ఇంకా లాగింది. అంతకన్నా పోదు.
"ఇంతేనా?"
"ఇంతేనమ్మా."
"యార్డు కాడ మా చెల్లెలు ఎనిమిదేళ్ళు తొడిమలు తీసింది.
రాత్రిళ్ళు చేతులు నీళ్ళగిన్నెలో పెట్టుకుని కూర్చునేది"
అంది, గీత మీంచి చూపు తిప్పకుండా.

కాసేపాగి తన మొక్క అంకె చెప్పింది. కొట్టాను.
తెరుచుకుంది. ఆ ఇల్లే.
నోటుబుక్కు తెరిచి, తెర చూసి, మళ్ళీ నోటుబుక్కు చూసి
పెన్సిలుతో ఒక టిక్కు పెట్టుకుంది,
నా తెరకి మార్కులేసినట్టు.

ఆమె వెళ్ళాక అదే మౌసుతో
ఇంకో రెండు గంటలు పనిచేసి
మర్చిపోయి కన్ను నలుపుకున్నాను.

కొళాయి కింద తలపెట్టి
దోసిలి దోసిలి నీళ్ళు కొట్టుకుంటూ
మంట తగ్గేదాకా లెక్కపెట్టాను,
ఒకటి నుంచే.