వెనక గోడ

కాపులుప్పాడ కొండ మీద మా భవనానికి
ముందువైపు అద్దాలు, ఎదురుగా సముద్రం.
వెనకవైపు ఎవరూ ఫొటో తీయని గోడ.
ఆ గోడకి పద్దెనిమిది ఫ్యాన్లు
రాత్రీ పగలూ వేడిగాలి కక్కుతుండేవి.
ఎవరి పెళ్లి వీడియోలో, ఎవరి బ్యాంకు లెక్కలో,
ఎవరు ఎవరికి పంపిన గుడ్ మార్నింగులో
తిరిగి తిరిగి కాగిన గాలి.
మాకది నష్టం. నెలనెలా రిపోర్టులో ఎర్ర గీత.

చోడిపల్లి మసేనమ్మకి మాత్రం అది ఎండ.

శ్రావణం ముసురుపట్టి
మంగమారిపేట ఇసకంతా చిత్తడైనప్పుడు
గంపెడు నెత్తళ్ళు ఎత్తుకుని కొండెక్కేది.
ప్రహరీ అవతల పాత వల పరిచి
నాలుగు మూలలా రాళ్ళు పెట్టి
ఫ్యాన్ల వైపు తిరిగి ఓ దణ్ణం పెట్టేది.
సెక్యూరిటీ సన్యాసిరావు రెండుసార్లు తరిమాడు.
మూడోసారి అర కేజీ కొనుక్కున్నాడు.

నాది చల్లదనం చూసే ఉద్యోగం.
గాలి ఎక్కడ కారుతోందో వెతికి మూశాను.
రాక్‌ల సందులకి రేకులు బిగించాను.
ఇరవై రెండు డిగ్రీల గదిని ఇరవై ఏడు చేశాను,
యంత్రాలు ఏమీ అనలేదు.
గోడ ఫ్యాన్లు పీకించి
మేడ మీద నీళ్ళ టవర్లు నిలబెట్టాను.
కరెంటు మూడో వంతు తగ్గింది.
కేకు కోశారు. క్రీముతో నా పేరు రాశారు,
ఒక అక్షరం తప్పు.

ఆ మిగిలిన మూడో వంతు
ఒక్క నెల కూడా ఖాళీగా కూర్చోలేదు.
"చవకైంది కదా" అన్నారు పైవాళ్ళు.
థర్మాకోల్ చుట్టుకుని లారీల్లో దిగాయి కొత్త రాక్‌లు
రెండో అంతస్తు నిండా.
ఉగాదికి మీటరు పాత అంకె దాటింది.
ఆషాఢానికి ఆ అంకె ఎవరికీ గుర్తు లేదు.
పొదుపు చేసింది నేనే.
కొత్త కనెక్షను కాగితం మీద సంతకమూ నాదే.

టవర్లకి నీళ్ళు మోసే ట్యాంకరు డ్రైవరు
టైరు పక్కన కూచుని బీడీ ముట్టిస్తూ అన్నాడు:
"కింద కాలనీలో బిందెకి బిందె లెక్కెడతారు సార్.
ఇక్కడైతే పైపు పెట్టీసి పడుకుంటాను."

ఈ ముసురుకీ వచ్చింది మసేనమ్మ.
గంప దించి, గోడకి అరచెయ్యి ఆనించింది
పిల్లాడి నుదురు చూసినట్టు.
"సల్లబడిపోనాదేటి బాబూ, జబ్బు సేసిందా?"
జబ్బు కాదు, బాగుచేశాం అన్నాను.
"మరి ఏడి ఎక్కడికెల్లిపోనాది?"
మేడ మీదకి చూపించాను.
అదే వేడి, నీళ్ళలో కలిసి తెల్లగా లేస్తోంది.
గాలి ఇటు తిరిగినప్పుడల్లా
సన్నటి తుంపరై ఆమె వల మీదే పడుతోంది.

"అయితే మిగిలిందంతన్నావు కదా,
ఆ మిగిలింది ఏటి సేసేరు?"

మరిన్ని మెషీన్లు తెచ్చారని చెప్పాను.
నవ్వింది, పక్క పన్ను లేని నవ్వు.
"మా బోటుకి ఇంజను పెట్టినప్పుడూ అంతే.
తెడ్డు కట్టం తగ్గింది, బేగి ఇంటికొచ్చెస్తామన్నారు.
ఇంకా లోపలికెల్నారు."

సగం ఎండిన నెత్తళ్ళు
ముప్పై రూపాయలు తగ్గించి నాకే అమ్మేసి
కొంగు దులుపుకుని దిగిపోయింది.

మధురవాడలో మా బాల్కనీ లైటు వెలుగుతూనే ఉంది.
అరవై వాట్ల రోజుల్లో అన్నం తినగానే ఆర్పేవాళ్ళం.
ఇది తొమ్మిదే కదా అని తెల్లవార్లూ ఉంచేస్తాం.
ఒకటి ఉండేచోట ఇప్పుడు నాలుగున్నాయి.
బయట వాన.
పేపరు పరిచి, చేపలు పోసి,
స్టూలు ఎక్కి బల్బుని కిందికి లాగి కట్టాను.
గంట తర్వాత
చెయ్యి పెట్టి చూశాను.

మంచి బల్బు.
వేడెక్కనే లేదు.