గాలి హద్దు

పద్దెనిమిది.
సునేవా ఆ అంకెని ప్రోగ్రాం గుండెలో రాసి
రిటైరైపోయింది.
సెకనుకి పద్దెనిమిది మీటర్లు దాటి గాలి వీస్తే
పడవ కదలకూడదని, టికెట్ల పేజీ ఎర్రబడాలని,
మూడువేల నాలుగొందల పన్నెండో లైన్లో,
ఒక్క ముక్క వివరణ లేకుండా.

అప్పటి పడవకి అది సరైన అంకే.
పాతది, చెక్కది, కాస్త పిరికిది.
టోర్స్‌హావ్న్ రేవుకి కొత్తది వచ్చాక
ఇరవై రెండుకీ ఇది తొణకదన్నాడు హేయిన్.
ముప్పై ఏళ్ళుగా చుక్కాని పట్టినవాడు,
కీబోర్డుని మాత్రం రెండు వేళ్ళతో
చేపముల్లు తీస్తున్నట్టు ముట్టుకుంటాడు.

జనవరి. మూడున్నరకే చీకటి.
గాలి పంతొమ్మిది. పేజీ ఎర్రగా.
రేవులో పదకొండుమంది,
వాళ్ళలో దీవి చర్చిలో ఆర్గన్‌కి శ్రుతి సరిచెయ్యాల్సిన ఎలియస్,
కోటు జేబులో శ్రుతిదండం.
పడవ సిద్ధం, హేయిన్ సిద్ధం,
ప్రోగ్రాం ఒప్పుకోదు.
ఒక్క అంకె కోసం
ఇల్లు పీకి పందిరేసినట్టు
కోడంతా విప్పి, మార్చి, మళ్ళీ కట్టి,
పరీక్షలన్నీ నడిపి, సర్వర్ ఆపి, లేపేసరికి
నలభై ఏడు నిమిషాలు.
ఎలియస్ ఇంటికెళ్ళిపోయాడు.
ఆ ఆదివారం దీవిలో ప్రార్థన
అపశ్రుతిలోనే ముగిసిందట.

ఆ రాత్రే మొదలుపెట్టాను.
మారే ప్రతిదాన్నీ లోపల్నుంచి బయటికి లాగాను:
పడవ పేరు, ఆఖరి ట్రిప్పు వేళ,
కుక్కకి టికెట్టు ఎంత, గొర్రెకి ఎంత,
గాలి హద్దు.
ప్రాణం ఒంట్లో ఉంచుకోక
ఎక్కడో చిలకలో దాచుకున్న మాంత్రికుడిలా
ఇప్పుడు నా ప్రోగ్రాం బతుకంతా
ఇరవై లైన్ల చిన్న ఫైల్లో.
ఎడమ పక్కన పేరు, కుడి పక్కన విలువ,
మధ్యలో రెండు గీతలు.
నిద్ర లేవగానే అది
ఎవరికీ నమస్కారమైనా పెట్టకముందే
వెళ్ళి ఆ చీటీ చదువుకొస్తుంది,
తను ఈ రోజు ఎవరో తెలుసుకోడానికి.

డేటాబేస్ పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయలేదు.
అది సర్వర్ చెవిలో విడిగా చెప్తాను.
మా ఊళ్ళో ఇళ్ళకి తాళాలెయ్యరు, నిజమే,
అలాగని బీరువా తాళంచెవి
వీధి గుమ్మానికి ఎవరూ వేలాడదీయరు.

ఫైలు హేయిన్ చేతికిచ్చాను.
"ఇక నన్ను లేపక్కర్లేదు,
నువ్వే మార్చుకో."
మార్చాడు. ఇరవై రెండున్నర.
మా భాషలో దశాంశానికి కామా పెడతాం,
ఆ సంగతి ప్రోగ్రాంకి నేను చెప్పలేదు.
కామాని చెత్తనుకుని ఊడ్చేసి
అది చదువుకుంది:
రెండువందల ఇరవై అయిదు.
అంత గాలికి దీవులే పడవలవుతాయి.

ఫిబ్రవరి తుఫాను, గాలి ముప్పై ఒకటి.
పేజీ పచ్చగా నవ్వుతోంది.
టికెట్లు కొనుక్కుని జనం వచ్చారు,
ఎలియస్ కూడా.
రేవు గోడ మీద హేయిన్.
పేజీ చూసినవాడు కాదు,
అలల అంచు ఎలా చిరుగుతోందో చూశాడు.
"ఇళ్ళకి పోండి" అన్నాడు, అంతే.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
చదవడం నేర్పాను దానికి,
అనుమానించడం నేర్పలేదు.

ఇప్పుడు ఫైలు కనపడకపోతే
పాత పద్దెనిమిదిని నోరు మెదపకుండా వాడేసుకోదు,
లేవనంటుంది.
అంకె ముప్పై దాటితే
ఏ లైన్లో, ఏ అక్షరం దగ్గర
తనకి నమ్మకం కుదరలేదో చెప్పి ఆగిపోతుంది.
కామా, చుక్కా రెండూ తెలుసు.

నిన్న టికెట్టు ధర మార్చడానికి తెరిస్తే
గాలి హద్దు కింద కొత్త లైను.
ముందు గుర్తు పెట్టాడు, ప్రోగ్రాం చదవకుండా,
మనుషుల కోసం:
"ఉత్తరపు గాలైతే ఈ అంకెని నమ్మొద్దు.
నాకు ఫోన్ చెయ్యండి."
పక్కనే నంబరు.
దాని నడుమ కూడా
ఒక కామా.