ఎంత వెడల్పు

మందవెలి వంతెన దాటాక
మూడో స్తంభానికీ నాలుగో స్తంభానికీ నడుమ మా ఇల్లు.
నెత్తి మీద రైలు పోతుంటే
గూట్లో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.
పక్కనే కాలవ. నల్లగా, కదలకుండా,
పొయ్యి మీద ఎవరో మరిచిపోయిన కషాయంలా.

సర్వేకి ముగ్గురొచ్చారు.
ఒకడి చేతిలో టేపు, ఒకడి చేతిలో ఎర్ర రంగు డబ్బా.
పెద్దాయన తమిళంలో అడిగాడు:
"పాటీ, పూర్వం ఇది ఎంత వెడల్పు?"

మా అవ్వ చెంగాళమ్మ
సూళ్ళూరుపేట నుంచి పడవలో కాపురానికొచ్చిన మనిషి.
సరుగుడు కట్టెల మీద చాప పరుచుకుని
మూడు రాత్రులు. కొత్త చీరంతా బెరడు మరకలు.
గాలి పడిపోతే తాత మస్తానయ్య
తాడు భుజానేసుకుని, గట్టెమ్మటి
పడవని లాక్కుంటూ ముందు నడిచేవాడు.
ఆ మూడు రోజులూ
ఆవిడ చూసిన మొగుడంటే వీపే.

ఆయన పోయిన రోజు స్నానం చేయిస్తుంటే
కుడి భుజం మీద ఆ కాయ
సబ్బు నురగలోంచి గుండ్రంగా తేలింది.

అంతకు ముందు కథ ఇంకోటుంది.
ధాత కరువులో, తట్ట మట్టికి ఇన్ని నూకలని
ఎముకల చేత తవ్వించారట.
అవ్వకి వాళ్ళ జేజి చెప్పింది.
జేజికెవరు చెప్పారో తెలీదు.
తవ్వినవాళ్ళు మాత్రం కాదు.

ఉప్పొచ్చింది, గుల్లొచ్చింది, గడ్డొచ్చింది,
ఒక ఏడు ఏదీ రాలేదు.
కట్టెల డిపోకి తాళం పడ్డాక
సరంగులు తలా నాలుగు చెక్కలు పీక్కుని
ఇక్కడే గోడలు లేపుకున్నారు.
మా తలుపు ఒకప్పుడు పడవ అడుగుచెక్క.
వానొస్తే ఇప్పటికీ ఉబ్బుతుంది,
నీళ్ళని గుర్తుపట్టి.

"ఎంత వెడల్పు, పాటీ?"
అవ్వకి మీటర్లు రావు.
"పొయ్యే పడవా వచ్చే పడవా పక్కపక్కన దాటుతుంటే
ఈ పడవలో చుట్టకి ఆ పడవలో నిప్పు అందేది.
ఇటు గట్టుకి ఒక గడ, అటు గట్టుకి ఒక గడ మిగిలేది."
అంటూ లేచి, కర్ర పుచ్చుకుని,
నీళ్ళ అంచు నుంచి అడుగులేసి చూపించింది.
కళ్ళు సరిగ్గా ఆనవు, పాదాలకి తడబాటు లేదు.
వాకిలి దాటి, గడప దాటి,
మంచం పక్కగా పోయి
వంటింటి మొదట్లో ఆగింది.
"ఇదిగో, ఇక్కడ గట్టు."

టేపువాడు రాసుకున్నాడు.
డబ్బావాడు తలుపు మీద అంకె వేశాడు.
వాళ్ళు పోయాక నేనే అన్నాను:
"మనిల్లు కాలవలో ఉందని
నీ నోటితోనే చెప్పావే, అవ్వా!
పెరుంబాక్కంలో ఏడో అంతస్తిస్తారట."

కాసేపు మాట్లాడలేదు. పైన రైలు పోయింది.
"అబద్ధమెందుకు చెప్పాలమ్మీ,
మీ తాత నడిచిన చోటే పొయ్యి. అది గట్టే.
మంచమే నీళ్ళలో."

ఆ రాత్రి మంచమెక్కే ముందు
చెప్పులు గట్టు వైపు విడిచింది.