కతకు ముందు కత

ఉక్కుడేగ బొమ్మల పుస్తకాల్లో
అతనికి ఒక్కటే మాట:
"బండి సిద్ధంగా ఉందండీ."
బొమ్మ మూలన సగం చెయ్యి, ఒక టోపీ.
కొన్నిసార్లు టోపీ కూడా ఉండదు,
అద్దంలో రెండు కళ్ళు, అంతే.

ఇప్పుడా రెండు కళ్ళ మీద
ఎనిమిది భాగాలు తీసినారంట.

శుక్రవారం. జాబ్రియాలో గ్యారేజీ పక్క మా గది.
కఫీలు ఇంటోళ్ళు ఖిరాన్ సముద్రానికి పోయినారు,
పెద్ద బండి వాళ్ళ కొడుకే తోలుకుపోయినాడు.
ఖాజాపీర్ తన ఫోన్ను
నిమ్మకాయ ఊరగాయ సీసాకి ఆనించినాడు.
ఏసీ కింద బకెట్టు, బకెట్లో చుక్క,
నలుగురం ఒకే మంచం మీద.

మొదటి భాగం సగంలోనే ఓబులేసు లేచి కూచున్నాడు.
"వీడెక్కడి డ్రైవరు రా,
క్లచ్చి మీదినుంచి కాలే తియ్యడు.
ఇట్ల తోల్తే మా బాబా
మూడోనాడే ఖల్లీవల్లీ అంటాడు."

ఖాజాపీర్‌కి డేగ కావాల.
"మూడు భాగాలాయ, ఒక్క రెక్క కనపడలే.
పెండ్లికి పోతే పెండ్లికొడుకే లేడు!"

సాల్మియాలో వంటింటి తలుపు వేసుకుని చూసి
మస్తానమ్మ గొంతు పంపింది:
"అన్నా, ఆ పిల్లోడు పొద్దున్నించి ఏమీ తినలే, చూసినారా?
రెండు భాగాలకి కలిపి ఒక టీ.
తీసినోళ్ళకి ఆకలి తెలీదేమో.
లేకుంటే బాగా తెలుసేమో."

అందులో అతనికొక పేరుంది. ఏలియా.
అక్క పిలిచింది, మెట్ల మీదినుంచి, చీపురు చేతిలో పెట్టుకుని.
ఇన్నేళ్ళ బొమ్మల్లో ఎవరూ అడగలేదా పేరు.
మేమేమీ అనలేదు.
ఇక్కడ వీధిలో ఎవరైనా "దరేవల్!" అంటే
నలుగురం ఒకేసారి తల తిప్పుతాం.

రాజలింగు ఒక్కడే అప్పటిదాకా నోరు తెరవలేదు.
చిన్నప్పుడు మెట్‌పల్లి బస్టాండులో
అట్టలు లేని పాత సంచికలు కొని చదివినోడు.
అయిదో భాగంలో, పిల్లోడు కాలవలో ఈత కొడుతుంటే,
మెల్లగ అన్నాడు:
"ముప్పై ఏడో సంచిక, పన్నెండో పేజీల సస్తడు గీయన.
ముసలోడైనంక. కార్ల బాంబు వెడ్తరు.
డేగకు కోపం రావాలె గదా."

బకెట్లో చుక్క పడింది.
ఇంకో చుక్క.

ఆ తర్వాత వాడు నవ్వినప్పుడల్లా
మాకు సీసా కేసి చూడాలనిపించింది.
జీతం రాకముందే కొత్త బూట్లు కొంటుంటే
"వద్దు రా నాయనా, తగ్గువి తీసుకో" అని
ఓబులేసు ఫోనుతో మాట్లాడినాడు,
వాని తమ్మునితో మాట్లాడినట్టు.
క్లచ్చి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఎనిమిదో భాగం.
పేపర్లో ప్రకటన: డ్రైవరు కావలెను.
అక్క చొక్కాకి ఇస్త్రీ చేసింది, కాలరు రెండుసార్లు.
ఎత్తయిన గేటు. గంట మీదికి చెయ్యి లేచింది.

డేగ కోసం ఏడు భాగాలు సతాయించిన ఖాజాపీరే
బొటనవేలు పెట్టి ఆపేసినాడు.

"డేగ ఆ గేటు వెనకాలే ఉన్నాడు కదరా!" అన్నా నేను.
"ఉండనీ."

పదకొండు నిమిషాలు మిగిలింది.
చెయ్యి గంటకు బెత్తెడు దూరంలో.
అట్లే వదిలేసి పప్పు తాలింపు పెట్టుకున్నాం,
ఖుబ్జు చించి నలుగురికి పంచినాం.
రాత్రి ఇసుకగాలి లేచింది.

తెల్లారి అయిదుకి బండ్ల మీద వేలు మందం దుమ్ము.
ఖాజాపీర్ ఫోన్ తీసి చూసి నాకిచ్చినాడు.
ఎర్రగీత చివరిదాకా నిండి ఉంది.
ఎవరు చూసింటారో అడగబుద్ధి కాలే.

రాజలింగు గుడ్డ పిండుతున్నాడు.
పిండిందే పిండుతున్నాడు.
చాలాసేపటికి, బండి అద్దంతో అన్నట్టు:

"లోపల్కి పొయ్యేముందు
కొత్త బూట్లు గేటుకాడ్నే ఇడిసిండు.
ఎవ్వలూ ఇడువుమనలే."